ఏ రావు?

2023 డిసెంబరు 19 మధ్యాహ్నం భిలాయ్ పక్కన మా ఉతై బజారులో టీ కొట్టు బల్ల మీద ఆరుగురు కుర్రాళ్ళు ఒక నోటు పుస్తకం ముందేసుకుని కూర్చున్నారు. ఆ రోజు దుబాయ్‌లో ఐపీఎల్ వేలం. ఎవరు ఏ జట్టుకి పోతారు, ఎంత పలుకుతారు అని ఒక్కొక్కరు ఇరవై పేర్లు రాస్తున్నారు. పందెం లేదు, డబ్బు లేదు. ఎవరి లెక్క నిజమవుతుందో చూద్దామన్న సరదా అంతే. కూరగాయల సంచితో అటుగా పోతున్న నన్ను ‘రావ్ అంకుల్, ఆప్ భీ లిఖియే’ అని పక్కన కూర్చోబెట్టుకున్నారు. నేనూ ఇరవై పేర్లు రాశాను.

సాయంత్రానికి ఆ పుస్తకంలో కొట్టివేతలే మిగిలాయి. మిచెల్ స్టార్క్‌కి బాగా ధర వస్తుందని నలుగురు రాశారు గానీ 24 కోట్ల 75 లక్షలని ఎవరూ రాయలేదు. మన హైదరాబాదు జట్టు ప్యాట్ కమిన్స్ కోసం 20 కోట్ల 50 లక్షల దాకా వెళ్తుందనీ ఎవరూ అనుకోలేదు. అవి పెద్ద సంగతులు. నన్ను పట్టుకుని ఇన్నాళ్ళయినా వదలని సంగతి చాలా చిన్నది, 20 లక్షలది. ఏడుగురం కలిసి రాసిన నూట నలభై పేర్లలో శశాంక్ సింగ్ అన్న పేరు ఒక్కచోట కూడా లేదు. అతను పుట్టింది భిలాయ్‌లో. ఆడేది ఛత్తీస్‌గఢ్‌కి. ఆ ఏడే విజయ్ హజారే టోర్నీలో ఒకే మ్యాచ్‌లో నూట యాభైకి పైగా పరుగులు చేసి అయిదు వికెట్లు తీసినవాడు. ఇంటి పక్కవాణ్ణి మేమే రాయలేదు.

వేలంలో అతని పేరు చదివారు. పంజాబ్ కింగ్స్ బల్ల దగ్గర చెయ్యి లేచింది. పోటీ లేదు, కనీస ధర 20 లక్షలకే సుత్తి పడింది. పడ్డాక ఆ బల్ల దగ్గర గుసగుసలు మొదలయ్యాయి. తాము అనుకున్న మనిషి ఇతను కాదేమో అన్నట్టు వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. సుత్తి పడిపోయింది, ఇక వెనక్కి తీసుకోవడం లేదని వేలం నడిపిస్తున్న మల్లికా సాగర్ తేల్చేశారు. మర్నాడు ఆ జట్టువాళ్ళు వివరణ ఇచ్చారు. జాబితాలో ఒకే పేరుతో ఇద్దరు ఉన్నందువల్ల గందరగోళం, మాకు కావలసినవాడు ఇతనే అని. అతనూ నన్ను నమ్మినందుకు సంతోషం అని మర్యాదగా జవాబిచ్చాడు. ఆ గుసగుసల్లో ఏమనుకున్నారన్నది వాళ్ళకే తెలియాలి. నేను చూసింది మాత్రం, వేలం గదిలో ఒక మనిషి పేరు పలికాక ‘ఏ శశాంక్?’ అన్న ప్రశ్న పుట్టడం.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణం చెప్పే ముందు ఇంకో మనిషిని గుర్తు చేయాలి.

హర్‌ప్రీత్ సింగ్ భాటియా పుట్టింది దుర్గ్‌లో. భిలాయ్ ఆ జిల్లాలోదే. శశాంక్, హర్‌ప్రీత్ ఇద్దరూ 1991లోనే, మూడు నెలల తేడాతో పుట్టారు. 2017 ఫిబ్రవరి 20న బెంగళూరులో వేలం జరిగింది. అదే రోజు ఉదయం ముంబయిలో రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫారం మీదికి కారు తోలినందుకు వేరే క్రికెటర్ ఒకర్ని పట్టుకున్నారు. అతని పేరు ఇంచుమించు అదే, నడుమ ఒక అక్షరం తేడా. తొందరలో వెలువడిన వార్తలో హర్‌ప్రీత్ పేరు పడింది. ఏ పాపమూ ఎరగనివాడు. ఆ వార్త సవరించారు, క్షమాపణ కూడా వచ్చింది. కానీ వేలం ఆ రోజే. ముస్తాక్ అలీ పోటీల్లో అప్పుడే బాగా పరుగులు తీసి వచ్చిన ఆ ఆటగాణ్ణి ఒక్క జట్టూ కొనలేదు. తరవాత గాయపడిన ఒకరి స్థానంలో బెంగళూరు జట్టు పిలిచింది. అయినా 2012 తరవాత అతను ఐపీఎల్‌లో మళ్ళీ మైదానంలోకి దిగింది 2023లోనే. పదకొండేళ్ళు.

ఒకే జిల్లా, ఒకే ఈడు. ఒకరికి పేరు పొరపాటు పడ్డ రోజున తలుపు మూసుకుంది. ఇంకొకరికి పేరు తడబాటు మధ్యలో తలుపు తెరుచుకుంది. దీన్ని ఏమనాలి? మా వైపు పెద్దవాళ్ళయితే ఒక్క మాటలో తేలుస్తారు. రాత.

ఆ మాట మా వీధిలో ఒకే రాత్రి రెండిళ్ళలో అన్నారు. 1978 జనవరిలో.

మా నాన్న 1958లో శ్రీకాకుళం జిల్లా నుంచి భిలాయ్ వచ్చాడు. సోవియట్ సాయంతో కార్ఖానా కడుతున్న రోజులు. 1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభిస్తుంటే నాన్న ఆ గుంపులో ఉన్నాడు. నేను పుట్టింది ఆ ఏడే. సెక్టార్‌లో మా వరస క్వార్టర్లలో సగం మంది మన ఉత్తరాంధ్ర వాళ్ళు. ఇక్కడ మన పేర్లు ఎవరికీ తిరగవు. ఇంటిపేరు ముందుంటుందని తెలియదు. అప్పారావయినా, ఆదినారాయణరావయినా, అచ్యుతరావయినా హాజరు పట్టీలో ‘ఎ. రావు’, పిలుపులో ‘రావ్ జీ’. మా వరసలోనే ఇద్దరు ఎ. రావులం. నేనొకణ్ణి. మా ఇంటికి నాలుగు తలుపుల అవతలివాడు ఇంకొకడు. ఇద్దరం కలిసి బడికెళ్ళాం, కలిసి బంతి వేయడం నేర్చుకున్నాం. నాది ఆఫ్ స్పిన్. వాడిది లెగ్ స్పిన్. వాడి గూగ్లీ నాకే చివరిదాకా అంతుపట్టలేదు.

ఆ జనవరిలో కుర్రాళ్ళ జట్టుకి ఎంపిక పెట్టారు. నలభై మందిమి పోయాం. మ్యాట్ పరిచిన వికెట్టు. నలుగురు పెద్దమనుషులు కుర్చీల్లో కూర్చుని చూశారు. నేను పన్నెండు బంతులు వేశాను, వాడూ పన్నెండే. మర్నాడు పొద్దున గోడ మీద కాగితం అంటించారు. పదిహేను పేర్లు. పద్నాలుగో పేరు ఎ. రావు.

కాగితం అంటించినతన్ని అడిగాను, ‘కౌన్ సా రావ్?’ అని. అతను కాగితం వైపు చూసి, ‘స్పిన్నర్ వాలా’ అన్నాడు. ఇద్దరం స్పిన్నర్లమే. అతనికి అంతకు మించి తెలియదు. పేరు పక్కన సంతకం పెట్టమని కలం ఇచ్చాడు. అక్కడ నుంచుని నేను ఎంతసేపు ఆలోచించానో ఇప్పటికీ గుర్తుంది. చాలా తక్కువ సేపు. సంతకం పెట్టేశాను.

సాయంత్రం వాడు వచ్చి చూశాడు. పేరు ఉంది, పక్కన నా సంతకం ఉంది. ‘మంచిదిరా’ అన్నాడు. అంతే. ఆ రాత్రి మా ఇంట్లో అమ్మ పాయసం వండి, ‘వీడికి రాసిపెట్టి ఉంది’ అంది. నాలుగు తలుపుల అవతల వాళ్ళ నాన్న, ‘మన రాత ఇంతే’ అన్నాడట. వాడి చెల్లెలు మర్నాడు మా ఇంట్లో చెప్పింది. నాకు ఆ జట్టులో రెండు మ్యాచ్‌లు దక్కాయి, మూడు వికెట్లు పడ్డాయి. ఆ కాగితం తరవాత ఉద్యోగం అర్జీకి జతచేశాను. వాడు ఏడాది తిరక్కుండానే ఊరెళ్ళిపోయాడు. పొలం చూసుకున్నాడు. బంతి మళ్ళీ పట్టలేదు.

ఒకే మాట మా ఇంట్లో తీపి అయింది, వాళ్ళింట్లో బరువు అయింది. ఆ రెండు ఇళ్ళ మధ్య రాసింది బ్రహ్మ కాదు. ఎవరో గుమాస్తా ఇంటిపేర్లు రాయడానికి బద్ధకించాడు, నేను నోరు మెదపకుండా సంతకం పెట్టాను. ఈ రెంటినీ కలిపి మేమందరం దేవుడి ఖాతాలో వేశాం.

ఇంత చెప్పి, దైవమే లేదంటానని అనుకోకండి. నేను అలా అనను. ఉన్నదని నమ్ముతాను, రోజూ దీపం పెడతాను. నా బాధంతా ఆ మాటను ఎక్కడ వాడుతున్నామన్న దాని గురించి.

గీత పద్దెనిమిదో అధ్యాయంలో ఏ పని జరగాలన్నా అయిదు కారణాలు కలవాలంటాడు శ్రీకృష్ణుడు. పని జరిగే చోటు, చేసే మనిషి, చేతిలో సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, అయిదోది దైవం. వరస గమనించండి. ముందు నాలుగు చెప్పి, ఆ తరవాత దైవం అన్నాడు. మనం మాట్లాడేటప్పుడు అయిదోదాన్ని ముందుకు తెచ్చి మిగతా నాలుగింటినీ దాని కింద పాతేస్తాం. మ్యాట్ మీద వాడి బంతి ఎంత తిరిగింది, చూసినవాళ్ళు ఎంత శ్రద్ధగా చూశారు, రాసినవాడు ఎలా రాశాడు అని విడివిడిగా అడిగి, ఇక అడగడానికి ఏమీ మిగలనప్పుడు కదా అయిదోదాని పేరు ఎత్తాలి! ఆ వెంటనే ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు. ఇన్ని కారణాలు ఉండగా అంతా నేనే చేశానని చూసుకునేవాడికి చూపు లేనట్టే అని. అది ఎంపిక కానివాడికి చెప్పిన మాట కాదు, అయినవాడికి.

వసిష్ఠుడి సంగతి ఇంకా ఆలోచింపజేస్తుంది. శ్రీరామ పట్టాభిషేకానికి ముహూర్తం పెట్టినవాడు ఆయన. అయోధ్యలో ఇంటింటా తోరణాలు కట్టారు. రేపు యువరాజు ఎవరన్నదాంట్లో ఊళ్ళో ఒక్కరికీ అనుమానం లేదు. తెల్లారేసరికి రాముడు నారచీరలు కట్టాడు. అంతటి మహర్షి లెక్కే అలా అయితే మనమెంత అని జనం అంటుంటారు. కానీ అదే వసిష్ఠుడు యోగవాసిష్ఠంలో రాముడికి బోధించిన మాట ఎంతమంది చెబుతారు? దైవమంటూ వేరే లేదు, నిన్నటి నీ ప్రయత్నమే ఇవాళ దైవం పేరుతో వస్తుంది, నిన్నటిదీ ఇవాళ్టిదీ రెండు పొట్టేళ్ళలా ఢీకొంటాయి, బలమున్నది గెలుస్తుంది అంటాడాయన. ముహూర్తం తప్పిందని జనం చెప్పుకునేవాడి పేరు మీదే ఈ బోధ ఉండటం నాకు గొప్పగా అనిపిస్తుంది.

అయినా ఆ బోధ నాకు పూర్తిగా సరిపోదు. మా వాడి బంతి నిన్నటి ప్రయత్నం, ఇవాళ్టి ప్రయత్నం రెండూ కలిసినదే. పొట్టేలు బలంగానే ఉంది. దాన్ని బరిలోకి వదల్లేదు, అంతే.

రైల్ మిల్లులో నేను ముప్ఫై ఆరేళ్ళు పనిచేశాను, ఎక్కువ కాలం తనిఖీలోనే. ఉక్కులో హైడ్రోజన్ చిక్కుకుంటే పట్టా లోపల వెంట్రుకవాసి పగుళ్ళు పుడతాయి. పైకి అద్దంలా మెరుస్తుంది. అందుకే లోపలికి శబ్ద తరంగాలు పంపి చూస్తాం. భిలాయ్‌లో ఇప్పుడు 260 మీటర్ల పొడుగు పట్టాలు కూడా తయారవుతున్నాయి. ప్రతి పట్టా మీదా కార్ఖానా పేరు, నెల, ఏడు ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటాయి. ఏ కడవ ఉక్కుతో పోసిందో చెప్పే హీట్ నంబరు వేడి మీదే అచ్చు కొడతారు. ఇరవై ఏళ్ళ తరవాత ఎక్కడో పగిలినా ఆ నంబరు పట్టుకుని వెనక్కి రావచ్చు. ఇనప పట్టాకి ఇంత జాగ్రత్త తీసుకున్నాం. ‘ఏ పట్టా?’ అన్న ప్రశ్న మా మిల్లులో రాదు. ‘ఏ రావు?’ అన్నది వచ్చింది.

2024 ఏప్రిల్ 4 రాత్రి అహ్మదాబాద్‌లో గుజరాత్ మీద పంజాబ్ 200 పరుగులు చేయాలి. సగం జట్టు అయిపోయాక కూడా లక్ష్యం చాలా దూరంలో ఉంది. శశాంక్ సింగ్ 29 బంతుల్లో 61 కొట్టి, చివరిదాకా నిలబడి, ఒక బంతి మిగిలి ఉండగా గెలిపించాడు. టీ కొట్టు కుర్రాళ్ళు రాత్రి పదకొండున్నరకి మా తలుపు తట్టారు. వాళ్ళ సంతోషం చూసి నేనూ సంతోషించాను. కానీ వాళ్ళలో ఒకడు, ‘అంకుల్, కిస్మత్ మే థా’ అన్నప్పుడు లోపల ఎక్కడో గుచ్చుకుంది.

అయిదు రోజులకి క్రోధి నామ ఉగాది వచ్చింది. ఏటా లాగే సెక్టార్-5 బాలాజీ గుడికి పంచాంగ శ్రవణానికి వెళ్ళాం. పంతులు గారు రాశుల వారీగా ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం చదువుతున్నారు. నా రాశి వచ్చేసరికి మా ఆవిడ వేళ్ళ మీద కూడుకుంది. తరవాత ప్రసాదం దగ్గర నేను ఆయన్ని అడిగాను. ‘పంతులు గారూ, ఒకే రాశిలో కోట్ల మంది ఉంటారు కదా, అందరికీ ఒకే అవమానమా?’ ఆయన విసుక్కోలేదు. ‘అది మీకు చెప్పిన లెక్క కాదండీ. మీరు జాగ్రత్తపడడానికి చెప్పినది. వ్యయం ఎక్కువుందంటే చెయ్యి బిగపట్టుకోమని. పక్కింటాయన వ్యయం మీరు లెక్కపెట్టడానికి కాదు’ అన్నారు.

చాలా ఏళ్ళుగా నేను వెతుకుతున్నది ఆ చివరి మాటే. రాత, కర్మ, ప్రారబ్ధం అన్నవి మనిషి తనకు తాను చెప్పుకోవలసిన మాటలు. ‘ఇది నా కర్మ’ అని ఒకడు తన కష్టం ముందు తల వంచితే అందులో ఓర్పు ఉంది, భక్తి ఉండవచ్చు. ‘అది వాడి కర్మ’ అని ఎదుటివాడి మీద వేస్తే అది తీర్పు. ఆ తీర్పు చెప్పే అధికారం మనకి ఏ శాస్త్రమూ ఇవ్వలేదు. ఇంకా చెప్పాలంటే, ఎదుటివాడి కర్మ అనగానే మన పని తప్పుతుంది. జాబితా ఎవరు రాశారని అడగక్కర్లేదు. సంతకం ఎవరు పెట్టారని అడగక్కర్లేదు.

మా అమ్మాయి, అల్లుడు డాలస్‌లో ఉంటారు. పదకొండేళ్ళ మనవడికి వాళ్ళ దేశపు ఫుట్‌బాల్ పిచ్చి. అక్కడ వేలం ఉండదు. ఏటా ఏప్రిల్‌లో కాలేజీ కుర్రాళ్ళని 32 జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. కిందటి ఏడు అడుగున నిలిచిన జట్టుకి మొదటి వంతు. ఈ పద్ధతి నాకు నచ్చింది, ఓడినవాడికి ముందు వడ్డిస్తారు. మొదటి రౌండులో ఎవరెవరు పోతారన్నది నెలల ముందునుంచే అక్కడ జోస్యం. దాని కోసమే బతికే నిపుణులున్నారు. మావాడు కూడా 2025లో తన జాబితా రాసి నాకు వీడియో కాల్‌లో చూపించాడు. అందులో షెడూర్ సాండర్స్ అనే కుర్రాడు మొదటి రౌండులో ఉన్నాడు. చాలామంది నిపుణుల లెక్కా అదేనట. మొదటి రాత్రి అతని పేరు పిలవలేదు. రెండో రాత్రీ పిలవలేదు. మూడో రోజు అయిదో రౌండులో, 144వ వాడిగా క్లీవ్‌లాండ్ పిలిచింది. ‘తాతయ్యా, అందరూ తప్పే చెప్పారు’ అని మనవడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

వాడికి నేను తెలుసుకున్నవి చెప్పాను. 2000లో టామ్ బ్రేడీని 199వ వాడిగా తీసుకున్నారు, అతను ఏడుసార్లు ఛాంపియన్ అయ్యాడు. 2022లో అందరికన్నా చివర, 262వ వాడిగా పిలిచిన బ్రాక్ పర్డీ రెండేళ్ళు తిరక్కుండా జట్టుని ఫైనల్‌కి తీసుకెళ్ళాడు. ఆ చివరివాడికి అక్కడ ‘మిస్టర్ ఇర్రెలెవెంట్’ అని పేరు పెడతారట, లెక్కలోకి రానివాడని. ఆ పేరు నాకు నచ్చలేదు. ఇక 1936లో జరిగిన మొట్టమొదటి డ్రాఫ్ట్‌లో అందరికన్నా ముందు ఎంచుకున్న జే బెర్వాంగర్ ఆ లీగులో ఒక్క ఆటా ఆడలేదు. మావాడు శ్రద్ధగా విని, ‘అయితే మనం ఎందుకు రాయాలి?’ అన్నాడు.

మంచి ప్రశ్న. వాడికి నేను చెప్పింది ఇది. నువ్వు రాసింది ఆ కుర్రాళ్ళ గురించి కాదురా. 32 గదుల్లో కూర్చున్న పెద్దవాళ్ళు ఏమనుకుంటారన్న దాని గురించి. వాళ్ళు మనసు మార్చుకున్నారు, నీ లెక్క తప్పింది. ఆ కుర్రాడిలో మాత్రం ఆ మూడు రోజుల్లో ఒక్క నరం కూడా మారలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మనవాళ్ళు టీవీలో వేలం చూస్తూ, ‘ఫలానావాడు అమ్ముడుపోలేదు’ అని అతి మామూలుగా అంటారు. పేపర్లూ అలాగే రాస్తాయి. నాకు మా నాయనమ్మ గుర్తొస్తుంది. ఊళ్ళో హరిశ్చంద్ర నాటకం పడితే కాశీ సీను దగ్గర ఆవిడ లేచి వెళ్ళిపోయేది. భార్యనీ తననీ అమ్ముకునే రాజుని చూడలేక. మనిషికి వెల కట్టడం చూడకూడని దృశ్యమని ఆవిడ అనుకుంది. జీతం ఒప్పందమే కదా అని నాకు నేను సర్దిచెప్పుకుంటాను. అయినా ‘అమ్ముడుపోలేదు’ అన్న మాట మాత్రం నా నోటి నుంచి రాదు. ‘పిలవలేదు’ అంటాను.

మా పక్కిల్లు ఒక తెలుగు పాస్టరు గారిది. సాయంత్రాలు అరుగు మీద ఇద్దరం మాట్లాడుకుంటాం. ఈ సంగతంతా విని ఆయన సమూయేలు ప్రవక్త కథ చెప్పారు. యెష్షయి కొడుకుల్లో ఒకణ్ణి రాజుగా అభిషేకించడానికి ప్రవక్త వెళ్ళాడు. పెద్దవాడి పొడుగూ ఆకారమూ చూసి ఇతనే అనుకున్నాడు. కాదని దేవుడన్నాడు. వరసగా ఏడుగురు ముందుకొచ్చారు, ఏడుగురూ కాదు. గొర్రెల దగ్గర ఉన్న చిన్నవాణ్ణి, తండ్రి పిలవనైనా పిలవనివాణ్ణి రప్పిస్తే అతను దావీదు. అందరూ దావీదు కోసం ఈ కథ చెబుతారు. నేను అడిగింది వేరే. ‘మిగతా ఏడుగురి సంగతేమిటండీ?’ ఆయన కాసేపు ఆలోచించి, ‘పెద్దవాళ్ళు ముగ్గురూ తరవాత యుద్ధంలో ఉన్నారు. వాళ్ళకి అన్నం పట్టుకుని వెళ్ళినప్పుడే దావీదు గొల్యాతుని చూశాడు’ అన్నారు. ఏర్పాటు కానివాళ్ళు శాపగ్రస్తులు కాలేదు. దేశం కోసం నిలబడ్డారు. ఏర్పాటైనవాడు వాళ్ళకి అన్నం మోశాడు. ఆ కథలో నాకు ఇష్టమైనది ఆ అన్నం మూటే.

2019లో రిటైరయ్యాక నేను చేసిన మొదటి పని సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కడం. విజయనగరంలో దిగి, బస్సు మారి, ఆ రెండో ఎ. రావు ఊరు వెళ్ళాను. నలభై ఒక్క ఏళ్ళు. జుట్టంతా తెల్లబడింది, చేతివేళ్ళు మాత్రం అవే, పొడుగ్గా. రాత్రి భోజనాలయ్యాక చెప్పాను. ‘ఒరేయ్, ఆ రోజు కాగితం మీద ఉన్నది నీ పేరే అయ్యుండవచ్చు. అంటించినతన్ని అడిగాను, అతనికీ తెలియదు. నీకు చెప్పకుండా సంతకం పెట్టేశాను.’ వాడు చాలాసేపు మాట్లాడలేదు. నూతి గట్టు మీద కూర్చుని ఉన్నాం. చివరికి, ‘నేను ముందొచ్చుంటే నేనూ పెట్టేవాణ్ణేరా, నిన్ను అడక్కుండా’ అన్నాడు. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. పొద్దున బస్సెక్కిస్తూ మనవణ్ణి చూపించి, ‘వీడు ఎడమ చేత్తో వేస్తాడు’ అన్నాడు.

నిజమైన రావు ఎవరో ఇక ఎప్పటికీ తేలదు. ఆ నలుగురు పెద్దమనుషుల్లో ఎవరూ లేరు. తేలనిదాన్ని దైవం అంటే నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ దైవం ఎంపికైన నా వైపు నిలబడి, నువ్వు అర్హుడివి అని చెప్పలేదు. నా వైపు నిలబడి, నువ్వు అప్పు పడ్డావు అంది. దేవఋణం, పితృఋణం అంటారే, అలాంటిదే ఇదీ. శశాంక్ సింగ్ బ్యాటుతో తీర్చాడు, 2025కి ముందు పంజాబ్ అతన్ని 5 కోట్ల 50 లక్షలకి అట్టేపెట్టుకుంది. నాకు బ్యాటు లేదు. ప్రతి ఆదివారం పొద్దున ఉతై మైదానంలో ఇరవై ఏడుగురు పిల్లలకి బంతి పట్టుకోవడం నేర్పుతున్నాను. అందులో తెలుగు పిల్లలు తొమ్మిది మంది, తక్కినవాళ్ళు ఛత్తీస్‌గఢ్ పిల్లలు. మా దగ్గర హాజరు పుస్తకంలో ముగ్గురు సాహూలు, ఇద్దరు వర్మలు, ఇద్దరు రావులు ఉన్నారు.

2025 జూన్ 3న ఫైనల్‌కి పిల్లలందర్నీ మా ఇంటికి పిలిచాను. అదే అహ్మదాబాద్. పంజాబ్ 191 చేయాలి. శశాంక్ చివరిదాకా నిలబడి 30 బంతుల్లో 61 కొట్టాడు. అంతకుముందు ఏడాది గెలిపించిన రోజున కొట్టినవీ అవే 61, అదే మైదానం. ఈసారి జట్టు ఆరు పరుగుల తేడాతో ఓడింది. టీవీ కట్టేశాక ఒక పిల్లాడు, ‘అంకుల్, ఇదీ కిస్మతేనా?’ అని అడిగాడు. అతని వంతు 61, అతను కొట్టాడు, మిగతాది అతని చేతిలో లేదు అన్నాను. ఇంకేం చెప్పాలో నాకు తెలియలేదు.

ఈ వ్యాసం చదివేవాళ్ళలో ఎంపికలు చేసేవాళ్ళు ఉంటారు. బడి జట్టుకి కావచ్చు, ఉద్యోగానికి కావచ్చు, గుడి కమిటీకి కావచ్చు. ఎవరు పైకి వస్తారో మీకు ముందే తెలుస్తుందని అనుకోకండి, ఎవరికీ తెలియలేదు. మీ చేతిలో పని ఒకటుంది. గోడ మీద కాగితం అంటించేటప్పుడు ఇంటిపేరు, పూర్తి పేరు, తల్లి పేరు, తండ్రి పేరు, ఊరు అన్నీ రాయండి. కాగితం చాలకపోతే ఇంకోటి అంటించండి. దయచేసి ఎ. రావు అని మాత్రం రాయకండి.